దేవకమ్మ పేరు మీద

1983 ఏప్రిల్ మొదటి వారంలో మా అన్న దేవరాజులు దుబాయి నుంచి రాసిన ఉత్తరం చదివి, నా ఆఫీసు నోటుపుస్తకం చివరి పేజీలో నేను రాసుకున్న పనులు ఇవి:

పెళ్ళి జరిగినట్టు అఫిడవిట్. స్టాంపు కాగితం మీద, ఇంగ్లీషులో.
దాని మీద ఆడపిల్ల తండ్రి వేలిముద్ర, మేజిస్ట్రేటు ఎదుట.
పెళ్ళి జరిపించిన పూజారి చేత చీటీ. (ఉన్నాడో లేడో కనుక్కోవాలి.)
సర్పంచి ఉత్తరం, సీలుతో.
రేషన్ కార్డు నకలు.
అన్నీ హైదరాబాదు సచివాలయంలో చూపించి ముద్ర వేయించాలి.
రిజిస్టర్డు పోస్టులో దుబాయికి. జూన్ 28 లోపల వాళ్ళ పని అయిపోవాలి.
మామతో మాట్లాడాలి.

చివరిది అన్న రాయలేదు. నేనే చేర్చుకున్నాను.

కిందటేడు జూన్ 28న అన్నకు అక్కడ ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రివాళ్ళు అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ పుట్టినరోజు కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుపోయి ఏడాదిలోపల మన కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే బిడ్డ మన దేశపు బిడ్డ అవుతుంది, తల్లి పాస్‌పోర్టులోకి బిడ్డ పేరు ఎక్కుతుంది. లేకపోతే బిడ్డను విమానం ఎక్కించి ఇంటికి తీసుకురావడం కుదరదు. కాన్సులేట్‌లో తల్లిదండ్రుల పెళ్ళికి రుజువు అడిగారు. మా ఇళ్ళల్లో పెళ్ళికి రుజువు అంటే భోజనం చేసినవాళ్ళే. ఏం చేయాలో తెలియక అన్న తొమ్మిది నెలలు ఊరుకుని, ఇక గడువు మూడు నెలలు లేదనగా నాకు రాశాడు.

నేను అప్పుడు చిత్తూరులో పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాను. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. కాగితాలు తయారు చేయడం నాకు కష్టమైన పని కాదు. కష్టం వేరే చోట ఉంది. అది నా చేతిరాతలో ఉంది.

అన్న మొదటి భార్య పేరు దేవకమ్మ. బంగారుపాళెం దగ్గర మామిడితోటకు కాపలా ఉండే మునిరామయ్య మామ పెద్దకూతురు. 1977లో ఏడో నెల కడుపుతో ఉండి పచ్చకామెర్లతో పోయింది. మరుసటేడు మామ తన చిన్నకూతురు వరదమ్మను అన్నకిచ్చి చేశాడు. అలా చేసుకున్నప్పుడు మావైపు రెండో ఆమె మెడలో తాళితోపాటు చిన్న బంగారుబిళ్ళ ఒకటి కడతారు. అది చనిపోయినామె గుర్తు. ఇక కొత్త చీర కట్టుకున్నా, పండక్కి పొయ్యి వెలిగించినా, ఊరికి బయల్దేరినా ముందు ఆమె పేరు తలుచుకోవాలి. ఆమెకు పెట్టాకనే తను తినాలి.

1979లో, అన్న అప్పటికే పనిచేస్తున్న దుబాయిలో ఒక డాక్టరుగారింట్లో పిల్లల్ని చూసుకోవడానికి మనిషి కావాలని, వదినను పంపితే వీసా ఇస్తారని కబురొచ్చింది. పదిహేను రోజుల్లో పాస్‌పోర్టుకు పెట్టాలి. వరద వదినకు పదిహేడేళ్ళు. బడికి పోలేదు. పుట్టినట్టు చూపడానికి ఒక్క కాగితం లేదు. దేవకి వదినకు ఐదో తరగతి సర్టిఫికెట్ ఉంది. రేషన్ కార్డులో ఆమె పేరూ ఉంది. చక్కెర, కిరసనాయిలు తగ్గుతాయని ఎవరూ కొట్టేయించలేదు. చావును రాయించే అలవాటు మా ఊళ్ళో ఎవరికీ లేదు. కాబట్టి కాగితాల మీద ఆమె బతికే ఉంది.

నేనప్పుడు తిరుపతిలో బి.కాం. రెండో సంవత్సరం. మా ఇంట్లో ఇంగ్లీషు ఫారం నింపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు దగ్గర దేవకమ్మ అని రాసి, పక్కన వరద వదిన ఫొటో అంటించాను.

"దాని పేరు తలుసుకోనే గదా యాడికన్నా పోవల్సింది. ఇది ఇంగా మంచిదే" అంది అమ్మ.

అందరం నవ్వాం. వరద వదిన కూడా నవ్వింది.

ఉత్తరంతోపాటు అన్న ఒక క్యాసెట్టు పంపాడు. ఊళ్ళో మా ఇంట్లో అన్న పంపిన టేప్ రికార్డరు ఉండేది. ఆదివారం మధ్యాహ్నం అమ్మ చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంటే నేను క్యాసెట్టు పెట్టాను. ముందు అన్న గొంతు. కుశలాలు, ఎండలు, కంపెనీ మెస్సులో వంటపని. వెనక బిడ్డ ఏడుపు. తర్వాత అన్న ఎవరినో పిలిచాడు.

"దేవకీ, ఇట్రా. అమ్మతో మాట్లాడు."

గింజ తీస్తున్న చింతపండు అమ్మ చేతిలో అలాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. నేను టేపు వైపు చూశాను.

"అత్తా, నేనే. బాగుండావా? కాలునొప్పి తగ్గిందా? పాపకి జరమొస్తా పోతా ఉండాది అత్తా. నాలుగు నెలలుగా ఇట్నే. మందు పోస్తానే ఉండాము."

తలుపు చప్పుడయింది. తర్వాత ఆమె గొంతు టేపుకు దగ్గరగా వచ్చింది.

"చిన్నబ్బా, మీయన్న బయటికి పోయినాడు. నీకొక మాట చెప్పల్ల. ఈడ అందురూ నన్ను దేవకీ అంటారు. డాక్టరమ్మ అంటాది. కూరగాయలోడు అంటాడు. మీయన్న గూడా అలవాటు పడిపోయినాడు, ఇంట్లో గూడా అట్నే అంటాడు. నేను పలకతా ఉండా. పలక్కుంటే ఎట్ల? ఆస్పత్రిలో నొప్పులొచ్చినప్పుడు నర్సమ్మ దేవకీ, దేవకీ అని పిలస్తా ఉన్నింది. నన్ను పిలస్తా ఉండాదని నాకు తట్టలా. అక్క పక్కనుండాదేమో అని తిరిగి సూసినా. పాప కాయితంలో గూడా తల్లి పేరు అక్కదే రాసినారు. అదొక్కటీ మార్చు చిన్నబ్బా. ఆడొక్క సోట నా పేరు పెట్టు. మిగతావన్నీ అక్కవే ఉండనీ. నువ్వే గదా రాసింది. నువ్వే మార్చు."

తర్వాత చాలాసేపు టేపు గరగరమంటూ తిరిగింది. నేను ఆపలేదు. ఇంకేమైనా అంటుందేమోనని చూశాను.

"చిన్నబ్బా" అంది అమ్మ. "పెద్దది పోయినప్పుడు కడుపులో బిడ్డ ఉన్నింది."

"ఇప్పుడా మాటెందుకు మా?"

"ఇన్నాళ్ళకి వచ్చి అడగతా ఉండాది. దాని పేరు మీదే పుట్టింది గదా, దానికే ఇచ్చేయండి. పేరు తీసేసినారంటే ఊరుకోదు. ఇప్పుటికే జరం పెట్టింది."

"జరానికీ పేరుకీ ఏం సంబంధం?"

"నువ్వు సదువుకున్నోడివి. నాలుగు నెల్లు మందు పోసినారంటనే. తగ్గిందా?"

నేను టేపు ఆపేశాను. నాకు అలాంటి నమ్మకాలు లేవు. కానీ అన్న "దేవకీ" అని పిలిచినప్పుడు ఒక్క క్షణం, ఆ పిలుపుకు పలికే గొంతు ఏది వస్తుందోనని నేను కూడా ఎదురుచూశాను. అది అమ్మకు చెప్పలేదు.

చిత్తూరు కోర్టు బయట చింతచెట్టు కింద టైపు మిషను పెట్టుకుని కుప్పయ్య అనే ఆయన అఫిడవిట్లు కొట్టేవాడు. ముప్పై ఏళ్ళుగా వకీళ్ళ పక్కన కూర్చుని ఏ వకీలుకూ తక్కువ కానివాడని పేరు. సమితి ఆఫీసు పనుల మీద నాకు పరిచయమే. పాస్‌పోర్టులో భార్య పేరు తప్పుపడితే సరిచేయించుకునే దారేదని అడిగాను.

"ఎవురికప్పా?"

"నా స్నేహితుడొకడికి."

"నీ స్నేహితుని పనికి సెమట నీకు పడతాందే" అని పక్కనున్న బెంచీ చూపించాడు. "కూసో. అక్షరం తప్పా, మనిషే తప్పా?"

నేను బెంచీ మీద కూర్చున్నాను. ఆయన టైపు మిషను మీద మూత వేశాడు.

"మనిషే తప్పయితే, మొదట ఆమె పాస్‌పోర్టు పెరుక్కుంటారు. ఆ దేశపోళ్ళు జైల్లో పెడతారో, ఈడికి తోలేస్తారో మనకి తెలీదు. మొగునికి ఉద్యోగం పోతాది. ఫారం రాసిచ్చినోడు గవర్నమెంటు నౌకరీలో ఉంటే వానిదీ పోతాది. కేసు తేలేలోపల ఆ బిడ్డకి పెండ్లీడు వస్తాది. అంతవరకూ ఆ బిడ్డ యా దేశానికీ సొంతం గాదు."

"వేరే దారి లేదా?"

"ఒకటి తేల్చుకో. బిడ్డకి ఇల్లు జేరే దారి కావల్నా, తల్లికి పేరు కావల్నా?"

నేను బిడ్డకు దారి కావాలన్నాను. బిడ్డ కోసమే అన్నానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. నా ఉద్యోగం కూడా ఆ క్షణంలో నా కళ్ళముందు ఆడింది. అది దాచను.

కుప్పయ్య టైపు చేసి చదివి వినిపించాడు. మునిరామయ్య పెద్దకూతురు దేవకమ్మకూ దేవరాజులుకూ 1975 మే నెలలో గుడిలో పెద్దల సమక్షంలో పెళ్ళి జరిగింది. తేదీ నిజం. గుడి నిజం. పెద్దలు నిజం. ఆ పెళ్ళికి పందిరి గుంజలు నాటినవాళ్ళలో నేనొకణ్ణి. చివరి వాక్యం ఒక్కటే నిజం కాదు: నేటివరకూ ఆ ఇద్దరూ భార్యాభర్తలుగా కాపురం చేస్తున్నారు.

"ఇది లేకుంటే కాయితం నిలవదు" అన్నాడు కుప్పయ్య.

పూజారి బతికే ఉన్నాడు. ఆయనకు ఆ ఏడాది తను చేసిన పెళ్ళిళ్ళలో ఏది ఏదో గుర్తులేదు. నేను చెప్పినట్టు రాసి ఇచ్చాడు. సర్పంచి చదవకుండానే సీలు వేశాడు. మే నెల సగమయ్యేసరికి మామ దగ్గరికి పోవడం ఒక్కటి మిగిలింది.

పలమనేరు బస్సెక్కి బంగారుపాళెంలో దిగి రెండు మైళ్ళు నడిచాను. తోటంతా బెంగుళూరు రకం మామిడికాయలు కొమ్మలు వంగి వేలాడుతున్నాయి. మామ గుడిసె ముందు నిలబడి, కోతుల మీదికి ఒడిసెల తిప్పి రాయి విసురుతున్నాడు. నన్ను చూసి ఒడిసెల భుజానికి వేసుకున్నాడు.

"రా అబ్బయా. కోతులకన్నా ముందరే వచ్చినావు, కాయలు మిగిలుండాయి" అన్నాడు.

విషయమంతా చెప్పాను. క్యాసెట్టులో వదిన అడిగిన మాట మాత్రం చెప్పలేదు. ఆయన గొంతుక్కూర్చుని, చేతిలో పుల్లతో నేల గీస్తూ విన్నాడు.

"వరద యా పేరుతో పోయిందో నాకు తెలుసు గదా. నేనూ ఒప్పుకున్నోణ్ణే. ఇప్పుడు నేనేం జెయ్యల్ల?"

"మేజిస్ట్రేటు ముందర వేలుముద్ర వేయల్ల మామా. దేవకమ్మ నీ కూతురా అంటాడు. అవునని చెప్పు. యాడుండాదంటే దుబాయిలో మొగుని కాడుండాదను. వరద వదిన మాట మాత్రం ఎత్తొద్దు. ఎత్తితే ఆమె ఎవురు, ఏ ఊళ్ళో ఉండాది, పిలిపించమంటాడు. మనం ఎవుర్ని సూపిస్తాము?"

"ఎత్తను."

మామ చేయెత్తి కాలవ గట్టు వైపు చూపించాడు.

"పెద్దదాన్ని ఆ గట్టు కాడ పూడ్సింది నువ్వూ సూసినావు. దినామూ నీళ్ళకి దాని పక్కనే పోతాండా. ఇప్పుడు మొగుని కాడ ఉండాదని చెప్పల్ల."

"బిడ్డ కోసం మామా."

"నేను కాదంటినా? యా పొద్దు రావల్ల?"

కాయ ఒకటి కోసి, ముక్కలు చేసి ఉప్పూ కారం అద్ది ఇచ్చాడు. ఇద్దరం తిన్నాం. ఈ ఏడు కాయ రేటు ఎలా ఉంటుందన్న మాటే మాట్లాడాం.

జూన్ 6న మామ ఉతికిన పంచె కట్టుకుని కోర్టుకు వచ్చాడు. మా వంతు వచ్చేసరికి పన్నెండయింది. మేజిస్ట్రేటు కాగితం పైకెత్తి చదివాడు. కటువుగా మాట్లాడే మనిషి కాదు.

"మునిరామయ్యంటే మీరేనా?"

"నేనే సామీ."

"ఈ దేవకమ్మ మీ కూతురు?"

"అవును సామీ."

"ఇప్పుడెక్కడుంది?"

"దుబాయిలో. మొగుని కాడ."

మామ గడగడా చెప్పాడు. మేజిస్ట్రేటు కలం తీసి మూత విప్పుతూ, ఊరికే, మాటవరసకు అడిగినట్టు అడిగాడు.

"మీకు ఎంతమంది పిల్లలు?"

ఇది నేను నేర్పని ప్రశ్న. మామ నా వైపు తిరిగాడు. నేను తల దించుకున్నాను.

"మొగబిడ్డలు లేరు సామీ."

"ఆడపిల్లలు?"

"ఒకటే సామీ."

"ఒక్కగానొక్క కూతుర్ని అంతదూరం పంపించారు" అని మేజిస్ట్రేటు సంతకం చేశాడు. గుమాస్తా మామ వేలు పట్టి సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు.

బయటికి వచ్చాక మామ సిరా అంటిన వేలు గోడకు రాస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"మీరాడ తల దించుకుంటిరి" అన్నాడు. ఎప్పుడూ నన్ను నువ్వనేవాడు.

"కాఫీ తాగుదాం రా మామా."

"వొద్దు. బస్సుకి పోతా." నాలుగడుగులు వేసి ఆగాడు. "అది తిరిగొచ్చినాక నేను ఏమని పిలవల్ల చిన్నబ్బా?"

జవాబు కోసం ఆగకుండా బస్టాండు వైపు పోయాడు.

ఆ రాత్రే హైదరాబాదు బస్సెక్కి, రెండు రోజులు సచివాలయం వరండాల్లో నిలబడి ముద్ర వేయించాను. కాగితాలు పోస్టు చేశాను. జూన్ 25న టెలిగ్రాం వచ్చింది. బిడ్డ పేరు శకుంతల అని నమోదయింది. తల్లి పేరు దేవకమ్మ.

అమ్మ కొత్త చీర ఒకటి పసుపు రాసిన పీట మీద పెట్టి, దీపం వెలిగించి, దేవకి వదిన పేరు చెప్పి టెంకాయ కొట్టింది. జూలైలో అన్న ఉత్తరం వచ్చింది. పాపకు జ్వరం పూర్తిగా తగ్గిందని, డాక్టరుగారు మందు మార్చారని రాశాడు. ఉత్తరం నేనే చదివి వినిపించాను. అమ్మ డాక్టరు మాట వినిపించుకోలేదు.

"సూసినావా" అంది.

నేను ఉత్తరం మడిచి పెట్టాను. మందు మార్చడంవల్లే తగ్గిందని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ పీట మీది చీర దగ్గర ఆ రోజు నేను కూర్చోలేకపోయాను. అక్కడ ఎవరో ఉన్నారని కాదు. ఉండాల్సిన ఇంకొకరు లేరని.

తర్వాతి క్యాసెట్టు దీపావళికి వచ్చింది. వదిన అమ్మతో మాట్లాడింది, వాళ్ళ నాయన ఆరోగ్యం అడిగింది. చిన్నబ్బా అని ఒక్కసారి కూడా అనలేదు. మధ్యలో అన్న పక్కగది నుంచి "దేవకీ" అన్నాడు. "వస్తాండా" అని వెంటనే పలికింది.

వాళ్ళు 1986లో తిరిగొచ్చేశారు. చిత్తూరులో ఇల్లు కట్టుకున్నారు. ఆ వీధికి వాళ్ళు కొత్త, కనుక అందరికీ ఆమె దేవకమ్మే. ఓటర్ల జాబితాలో దేవకమ్మ. ఇంటి దస్తావేజులో దేవకమ్మ. బడిలో మీ అమ్మ పేరేమని అడిగితే శకుంతల దేవకమ్మ అని చెబుతుంది. ఆ బిడ్డకు ఇంకో పేరు తెలియదు. మామ వచ్చినప్పుడు కూతుర్ని ఏ పేరుతోనూ పిలవడు. ఏ ఆడమనిషినైనా పిలిచినట్టు "మే" అంటాడు. ఆమె మెడలో ఆ బంగారుబిళ్ళ అలాగే ఉంది. దేవకమ్మగా పిలిపించుకునే మనిషి, అన్నం తినేముందు దేవకమ్మకు ఒక ముద్ద తీసి పక్కన పెడుతుంది.

ఒకసారి ఆమె దగ్గర తప్పు ఒప్పుకుందామని పోయాను. అది పోయినేడు శ్రావణ మాసం. ఆమె పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. అన్న ఇంట్లో లేడు.

"వరద వదినా" అని పిలిచాను.

ఆమె తిరగలేదు. తడి చీర దులిపి తీగ మీద వేసింది. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. చీర అంచు సరిచేస్తూనే ఉంది. కోపంతో పలక్కుండా ఉందేమో అనుకున్నాను. పక్కింటామె గోడమీంచి తొంగిచూసి, "దేవకమ్మా, మీ మరిది వచ్చినాడు, పిలస్తా ఉండాడు" అంది. వెంటనే తిరిగింది.

"ఎంతసేపయింది చిన్నబ్బా వచ్చి? పిలస్తే పలకనా?" అంది. ముఖంలో కోపమేమీ లేదు.

చెప్పాలనుకున్న మాట నేను చెప్పలేకపోయాను. కాఫీ తాగి వచ్చేశాను.

ఇది చదివి రేపు ఎవరైనా నన్ను నిలదీస్తే జవాబు చెప్పుకుంటాను. ఉద్యోగం పోతే పోనీ. నాకు తెలిసిన కాగితాల్లో ఎక్కడా ఆమెను రాసే చోటు నేను మిగల్చలేదు. చదివినవాళ్ళను ఒకటే అడుగుతున్నాను. శకుంతలను కన్న తల్లి మునిరామయ్య చిన్నకూతురు. ఆమె పేరు వరదమ్మ. ఆమెను గుర్తుపెట్టుకోండి.